ప్రాక్సీ సర్వర్‌లో మెమరీ క్యాష్, డిస్క్ క్యాష్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా కొన్ని కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లు, చిన్న కార్యాలయాల ప్రాక్సీ సర్వర్లను నేను చూసుకుంటాను. ప్రాక్సీ అంటే అక్కడి కంప్యూటర్లు వెబ్‌కు వెళ్లే దారిలో ఉండే మధ్య సర్వర్. ఒకసారి తెచ్చినదాని నకలు దాచుకుని, మళ్లీ అడిగినవారికి ఇస్తుంది. ఆ దాచుకునే చోటే క్యాష్. ఫోన్లో నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకటే. వాటికి జవాబులు ఒకచోట రాసి పెడితే, అర్ధరాత్రి సర్వర్ ముందు ఒంటరిగా కూర్చున్నవారికి పనికొస్తాయని ఈ పేజీ రాశాను. ఇందులోని విషయమంతా స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ గురించి, లినక్స్ మీద నడిచేదాని గురించి.

ముందుగా ఒక్క మాట. సెట్టింగుల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. స్క్విడ్.కాన్ఫ్ ఫైల్లో వాటిని ఆంగ్ల అక్షరాల్లోనే, మధ్యలో కింది గీతతో టైప్ చేయాలి.

మెమరీ క్యాష్‌కు, డిస్క్ క్యాష్‌కు తేడా ఏమిటి?

వంటింట్లో పోపుల డబ్బాను, అటకను గుర్తుతెచ్చుకోండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి పొయ్యి పక్కనే చేతికందేలా ఉంటాయి. ఏడాదికి సరిపడా చింతపండు, పప్పులు అటక మీద ఉంటాయి. డబ్బా చిన్నది, కానీ చేయి చాపితే అందుతుంది. అటక పెద్దది, కానీ నిచ్చెన వేసుకోవాలి. రెండింట్లోనూ లేని సరుకు కోసం బజారుకు వెళ్లాలి. ర్యామ్ పోపుల డబ్బా, డిస్క్ అటక, ఇంటర్నెట్ బజారు.

రెండు సంగతులు మాత్రం అదనంగా గుర్తుంచుకోవాలి. కరెంటు పోతే మెమరీలో ఉన్నదంతా పోతుంది, డిస్క్ మీద ఉన్నది నిలుస్తుంది. ఇక రెండోది చాలామంది మరిచిపోయేది: అటక మీద ఏ మూల ఏముందో ఇంట్లోవాళ్లకు గుర్తుండాలి కదా. అలాగే డిస్క్ మీద ఉన్న ప్రతి వస్తువు (దాచిన ఒక్కో పేజీ, బొమ్మ లేదా ఫైలు) చిట్టా కూడా ర్యామ్‌లోనే ఉంటుంది. అంటే డిస్క్ క్యాష్ పెంచిన ప్రతిసారీ ర్యామ్ ఖర్చు కూడా పెరుగుతుంది. కింద చెప్పే లెక్కలకు మూలం ఇదే.

స్క్విడ్ ఇన్‌స్టాల్ చేయగానే డిస్క్ క్యాష్ పనిచేస్తుందా?

చేయదు. ఇప్పటి వెర్షన్లలో, మీరు ఏమీ మార్చకపోతే, స్క్విడ్ మెమరీలోనే క్యాష్ చేస్తుంది. దానికి కేటాయించేది 256 ఎంబీ; ఆ సెట్టింగు పేరు క్యాష్_మెమ్. డిస్క్ వాడమని చెప్పే క్యాష్_డిర్ వరుస ఫైల్లో ఉంటుంది కానీ, దాని ముందు హాష్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు తీసి, ఫోల్డర్లు తయారుచేయడానికి స్క్విడ్‌ను ఆపి 'స్క్విడ్ -జెడ్' అనే ఆదేశం ఇచ్చి, మళ్లీ మొదలుపెట్టాలి. ఏడాది పాటు డిస్క్ క్యాష్ నడుస్తోందనుకుని, చివరికి ఖాళీ ఫోల్డర్ చూసి ఫోన్ చేసినవారు నాకు ఒకరిద్దరు కాదు.

ఇప్పుడు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌లోకి మారాయి. ఇంకా క్యాష్‌తో పని ఉందా?

ఈ ప్రశ్న అందరూ ముందు అడగాలి. కానీ డిస్క్ కొన్న తర్వాత అడుగుతారు.

హెచ్‌టీటీపీఎస్ సైటుకు వెళ్లేటప్పుడు బ్రౌజర్ ప్రాక్సీని 'ఫలానా సర్వర్‌కు దారి కల్పించు' అని మాత్రమే కోరుతుంది. ఆ దారిలో నడిచేదంతా గుప్తలిపిలో ఉంటుంది. ప్రాక్సీకి అది కనబడదు, కనబడనిదాన్ని దాచుకోలేదు. యాక్సెస్ లాగ్‌లో ఇవి టీసీపీ_టనెల్ అని నమోదవుతాయి. మీ లాగ్‌లో పదింట తొమ్మిది వరుసలు అవే అయితే, ఎంత పెద్ద డిస్క్ పెట్టినా ఆ తొమ్మిదింటికి ఒక్క బైటు ఆదా కాదు. వీడియోలు, సామాజిక మాధ్యమాలు, మెయిల్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఎస్ఎస్ఎల్ బంప్ అనే పద్ధతిలో ప్రాక్సీయే మధ్యలో గుప్తలిపిని విప్పి, మళ్లీ కట్టవచ్చు. దానికి ప్రతి కంప్యూటర్‌లో మీ సొంత సర్టిఫికెట్‌ను నమ్మదగినదిగా నమోదు చేయాలి. నేను హాస్టళ్లలో దాన్ని పెట్టను. పిల్లలు బ్యాంకు ఖాతాలు తెరిచే దారిలో, వారికి తెలియకుండా ఒక తలుపు తెరిచి ఉంచడం సరికాదు. ఆదా అయ్యే డేటా ఆ నమ్మకం ముందు ఏపాటిది?

మరి క్యాష్ ఎక్కడ పనికొస్తుంది? ఉబుంటు, డెబియన్ ప్యాకేజీలు ఇప్పటికీ ఎక్కువగా మామూలు హెచ్‌టీటీపీలోనే వస్తాయి. వాటి భద్రతను ప్యాకేజీల జాబితాపై ఉండే డిజిటల్ సంతకంతో కాపాడతారు. విండోస్ అప్‌డేట్ ఫైళ్లలో కూడా పెద్ద భాగం హెచ్‌టీటీపీలో దిగుతుంది. ల్యాబ్‌లో 40 కంప్యూటర్లుంటే ఒకే ఫైలు 40 సార్లు ఊరి బయటి నుంచి రావాల్సిన పని తప్పుతుంది. ఇంకో సందర్భం ఉంది: కాలేజీ సొంత వెబ్‌సైట్ ముందు స్క్విడ్‌ను ఎదురు ప్రాక్సీగా (రివర్స్ ప్రాక్సీ) పెట్టినప్పుడు సర్టిఫికెట్ మీ సొంతమే, గుప్తలిపి విప్పేదీ మీ సర్వరే. ఫలితాలు విడుదలైన గంటలో వచ్చే తాకిడిని మెమరీ క్యాష్ గొప్పగా తట్టుకుంటుంది.

అందుకే డిస్క్ కొనేముందు ఒక వారం లాగ్ చూడండి. టీసీపీ_టనెల్ కాని వరుసల్లో మొత్తం ఎన్ని జీబీలు వచ్చాయో లెక్క వేయండి. మీకు కావలసిన డిస్క్ క్యాష్ పరిమాణం ఆ అంకె చుట్టూనే ఉంటుంది.

క్యాష్_మెమ్ ఎంత పెట్టాలి?

నన్ను అన్నింటికంటే ఎక్కువ అడిగేది ఇదే. నేను చేసిన తప్పు చెబితేనే దీనికి సరైన జవాబు అందుతుంది.

ఒక శిక్షణ కేంద్రంలో 8 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ ఉండేది. ప్రాక్సీ తప్ప దాని మీద వేరే పని లేదు కదా అని క్యాష్_మెమ్‌కు 6 జీబీ ఇచ్చాను. రెండు రోజులు చక్కగా నడిచింది. మూడో రోజు ఉదయం పది గంటలకు పిల్లలు ఆన్‌లైన్ నమూనా పరీక్షకు కూర్చున్నారు. పదీ పదికల్లా ఏ పేజీ తెరిచినా అర నిమిషం పట్టసాగింది. సర్వర్ గదిలోకి వెళ్తే, హార్డ్ డిస్క్ దీపం మిణుకుమనడం మానేసి ఆగకుండా వెలుగుతోంది. మెమరీ వాడకం చూపే ఫ్రీ ఆదేశం ఇస్తే, రెండు జీబీలకు పైగా స్వాప్‌లోకి, అంటే ర్యామ్ చాలనప్పుడు లినక్స్ వాడే డిస్క్ చోటుకు, వెళ్లింది. వెంటనే 6 జీబీని 1500 ఎంబీకి తగ్గించి, స్క్విడ్‌ను ఆపి మొదలుపెట్టాక దీపం మళ్లీ మిణుకుమనడం మొదలైంది. అప్పటికే ఆ పిల్లల పరీక్షలో పావుగంట పోయింది.

జరిగింది ఇది. క్యాష్_మెమ్ అనేది స్క్విడ్ మొత్తం వాడే మెమరీకి హద్దు కాదు. వస్తువులను దాచుకోవడానికి ఇచ్చే చోటుకు మాత్రమే హద్దు. దానికి పైన డిస్క్ చిట్టా, ప్రస్తుతం నడుస్తున్న కనెక్షన్ల బఫర్లు, డీఎన్ఎస్ జవాబులు, లోపలి పట్టికలు ఉంటాయి. పైగా ఆ 6 జీబీ ఒక్కసారిగా నిండదు. వస్తువులు చేరుతున్న కొద్దీ నిండుతుంది. మొదటి రెండు రోజుల వేగం చూసి మోసపోవడానికి కారణం అదే.

లెక్క ఇలా వేయండి. 64 బిట్ సర్వర్‌లో ప్రతి 1 జీబీ డిస్క్ క్యాష్‌కు చిట్టా కోసం సుమారు 14 ఎంబీ ర్యామ్ కావాలి. 32 బిట్ అయితే 10 ఎంబీ. 100 జీబీ డిస్క్ క్యాష్ పెడితే 1400 ఎంబీ అక్కడే పోయింది. దానికి మీరు ఇవ్వదలచిన క్యాష్_మెమ్ కలపండి. కనెక్షన్ల కోసం మరికొంత కలపండి. లినక్స్‌కు కనీసం 1 జీబీ వదలండి. అది వృథాగా పోదు. డిస్క్ నుంచి చదివిన ఫైళ్లను లినక్స్ ఆ ఖాళీ ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది కాబట్టి మీ డిస్క్ క్యాష్ కూడా వేగంగా పలుకుతుంది. ఈ మొత్తం మీ ర్యామ్‌లో ముప్పావు వంతు దాటకూడదు.

ఇప్పుడు నేను పాటించే కొలత: ప్రాక్సీకే అంకితమైన సర్వర్‌లో ర్యామ్‌లో నాలుగో వంతుతో మొదలుపెట్టి, రెండు వారాలు చూసి, స్వాప్ సున్నా దగ్గరే ఉంటే కొంచెం కొంచెంగా పెంచుతాను. మూడో వంతు దాటాల్సిన అవసరం నాకు ఇప్పటిదాకా రాలేదు. అదే సర్వర్ మీద డేటాబేస్ కూడా నడుస్తుంటే 256 ఎంబీని ముట్టుకోవద్దు.

క్యాష్_మెమ్ తగ్గించి, స్క్విడ్‌ను ఆపకుండా రీకాన్ఫిగర్ చేశాను. టాప్ ఆదేశం చూపే మెమరీ తగ్గలేదు. ఎందుకు?

స్క్విడ్ వదిలిన మెమరీ లినక్స్‌కు వెంటనే తిరిగి చేరదు. తగ్గించినప్పుడు పూర్తిగా ఆపి మొదలుపెట్టండి.

డిస్క్ మీద ఎంత చోటు ఇవ్వాలి?

డిస్క్ మొత్తం ఇవ్వకండి. 100 జీబీ విభాగం ఉంటే 80 జీబీ ఇవ్వండి. ఫైల్ వ్యవస్థ తన సొంత పనికి చోటు వాడుకుంటుంది, స్వాప్.స్టేట్ అనే చిట్టా ఫైలు పెరుగుతుంది, పాత వస్తువులను తీసేలోపే కొత్తవి వచ్చి చేరతాయి. లాగ్ ఫైళ్లు కూడా అదే విభాగంలో ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. డిస్క్ నిండిపోతే స్క్విడ్ నెమ్మదించడం కాదు, ఆగిపోవచ్చు.

క్యాష్_స్వాప్_లో, క్యాష్_స్వాప్_హై అని రెండు శాతాలుంటాయి. మొదట్లో 90, 95. కేటాయించిన చోటు 90 శాతం దాటగానే స్క్విడ్ పాత వస్తువులను తీయడం మొదలుపెడుతుంది, 95కు దగ్గరయ్యే కొద్దీ జోరు పెంచుతుంది. చిన్న క్యాష్‌లో వీటిని మార్చాల్సిన పని లేదు. వందల జీబీల క్యాష్‌లో ఆ 5 శాతమే పెద్ద మొత్తం కాబట్టి, రెండు అంకెలను దగ్గరగా జరిపితే తొలగింపు కుదుపులు లేకుండా సాగుతుంది.

క్యాష్_డిర్ వరుసలో 16, 256 అనే అంకెలు ఏమిటి?

వరుస సాధారణంగా ఇలా ఉంటుంది: క్యాష్_డిర్, నిల్వ పద్ధతి, ఫోల్డర్ చిరునామా, ఎంబీల్లో పరిమాణం, ఆపై రెండు అంకెలు. ఆ 16 పైఅంతస్తు ఫోల్డర్ల సంఖ్య. ఒక్కోదానిలో 256 లోపలి ఫోల్డర్లు. ఒక్కో లోపలి ఫోల్డర్‌లో 256 ఫైళ్లు ఉండేలా స్క్విడ్ సర్దుతుంది. మూడింటిని గుణిస్తే 10,48,576 వస్తువులు. సగటు వస్తువు 13 కేబీ అని స్క్విడ్ అనుకుంటుంది కాబట్టి సుమారు 13 జీబీ దాకా ఈ అంకెలు చాలు.

20000 ఎంబీ క్యాష్ పెట్టారనుకోండి. దాన్ని కేబీల్లోకి మార్చి 13తో భాగిస్తే దాదాపు 15 లక్షల 75 వేల వస్తువులు. 256తో రెండుసార్లు భాగిస్తే 24 వస్తుంది. వదులుగా ఉండటానికి రెట్టింపు చేసి 48 పెట్టండి. లోపలి 256ను అలాగే వదిలేయండి. మీరు దాచేవి ఎక్కువగా పెద్ద ప్యాకేజీలే అయితే వస్తువుల సంఖ్య తగ్గుతుంది, అప్పుడు 16 కూడా సరిపోతుంది. ర్యామ్ చిట్టా కూడా 14 ఎంబీ లెక్క కన్నా తక్కువే తింటుంది. ఈ అంకెలను తర్వాత మార్చాలంటే క్యాష్‌ను ఖాళీ చేసి మళ్లీ కట్టుకోవాల్సి వస్తుంది కాబట్టి మొదటే ఆలోచించుకోవడం మంచిది.

యూఎఫ్ఎస్, ఏయూఎఫ్ఎస్, డిస్క్‌డీ, రాక్. ఈ నిల్వ పద్ధతుల్లో ఏది?

యూఎఫ్ఎస్‌లో డిస్క్ జవాబు వచ్చేదాకా స్క్విడ్ మొత్తం నిలబడి ఎదురుచూస్తుంది. పది మంది వాడే కార్యాలయానికి అది చాలు. ఏయూఎఫ్ఎస్‌లో డిస్క్ పనిని వేరే థ్రెడ్లకు అప్పగిస్తుంది కాబట్టి ఒక ఫైలు ఆలస్యమైనా మిగతావారికి ఆటంకం రాదు. లినక్స్ మీద ల్యాబులకు, హాస్టళ్లకు నేను పెట్టేది ఇదే. డిస్క్‌డీ అదే పనిని వేరే ప్రాసెస్‌తో చేయిస్తుంది. లినక్స్‌లో దాన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనబడలేదు.

రాక్ తీరు వేరు. అది వేల ఫైళ్లు చేయదు. ముందే కేటాయించుకున్న ఒకే పెద్ద ఫైల్లో అరలు అరలుగా సర్దుతుంది. 16, 256 అంకెలతో దానికి పని లేదు. చిన్న వస్తువులు లక్షల్లో ఉన్నచోట దీని బలం తెలుస్తుంది. వెర్షన్ 3.5కు ముందు 32 కేబీ దాటిన వస్తువును రాక్ దాచలేకపోయేది. ఆ పాత సలహాలు ఇంకా అక్కడక్కడ తిరుగుతున్నాయి, పట్టించుకోకండి.

ఇక్కడే వర్కర్ల సంగతి చెప్పాలి. నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉంది కదా అని వర్కర్స్ 4 అని పెడితే నాలుగు స్క్విడ్ ప్రాసెస్‌లు నడుస్తాయి. యూఎఫ్ఎస్, ఏయూఎఫ్ఎస్ నిల్వలను ఆ నాలుగూ పంచుకోలేవు. ఒకే ఫోల్డర్‌లో నాలుగు ప్రాసెస్‌లు చేయి పెడితే క్యాష్ పాడవుతుంది. పంచుకోగలిగేది రాక్ ఒక్కటే. వర్కర్లతో మెమరీ క్యాష్ కూడా ఉమ్మడి అవుతుంది; దానికి లినక్స్‌లో డెవ్ కింద ఉండే ఎస్‌హెచ్ఎమ్ చోటు కావాలి. సాధారణంగా అది ర్యామ్‌లో సగం ఉంటుంది, కంటైనర్లలో మాత్రం చాలా తక్కువ. నిజానికి వంద, రెండు వందల మంది ఉన్న హాస్టల్‌కు ఒక్క ప్రాసెస్ చాలు. అవసరం లేని వర్కర్లను తెచ్చిపెట్టుకోకండి.

పెద్ద ఫైళ్లు ఎప్పుడు చూసినా మిస్ అవుతున్నాయి. చోటు బోలెడు ఉంది. ఎందుకు?

క్యాష్‌లో దొరికితే హిట్, దొరక్క బయటి నుంచి తెస్తే మిస్. డిస్క్‌కు ఎంత చోటు ఇచ్చినా, 4 ఎంబీ దాటిన వస్తువును స్క్విడ్ దాచదు. మాగ్జిమమ్_ఆబ్జెక్ట్_సైజ్ మొదటి విలువ అది.

గాజువాకలో ఒక ల్యాబ్‌లో 30 కంప్యూటర్లకు ఉబుంటు అప్‌డేట్లు పెడుతూ లాగ్‌ను పక్క తెరలో నడిపించాను. చిన్న ప్యాకేజీలు రెండో కంప్యూటర్ నుంచే టీసీపీ_హిట్, టీసీపీ_మెమ్_హిట్ అని చకచకా వస్తున్నాయి. లిబ్రేఆఫీస్ ప్యాకేజీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం టీసీపీ_మిస్. మూడో కంప్యూటర్‌కూ మిస్. నాలుగోదానికీ మిస్. పక్కన ఉన్న బైట్ల అంకె చూస్తే కోట్లలో ఉంది. అంటే 4 ఎంబీ హద్దును ఎన్నో రెట్లు దాటింది. ఆ హద్దును 1 జీబీకి మార్చాను. ఇంకా మిస్!

అరగంట తర్వాత తెలిసింది. నేను ఆ వరుసను ఫైలు చివర రాశాను. స్క్విడ్ ఫైలును పైనుంచి కిందికి చదువుతుంది. క్యాష్_డిర్ వరుస కనబడిన క్షణానికి ఏ హద్దు అమల్లో ఉందో ఆ నిల్వకు అదే అంటుకుంటుంది. అంటే మాగ్జిమమ్_ఆబ్జెక్ట్_సైజ్ వరుస క్యాష్_డిర్ కంటే పైన ఉండాలి. రెండు వరుసల స్థానాలు మార్చి మొదలుపెట్టాక, తర్వాతి కంప్యూటర్‌కు మిస్, ఆ తర్వాతిదానికి హిట్. ఆ ఒక్క మాట మార్పు చూసినప్పటి తృప్తి నాకు ఇప్పటికీ గుర్తుంది.

మెమరీకి వేరే హద్దు ఉంది: మాగ్జిమమ్_ఆబ్జెక్ట్_సైజ్_ఇన్_మెమరీ, మొదటి విలువ 512 కేబీ. దాన్ని ఎంబీల్లోకి పెంచమని నేను చెప్పను. ఒక్క పెద్ద ఫైలు వచ్చి వందల చిన్న వస్తువులను మెమరీ నుంచి తోసేస్తుంది. పోపుల డబ్బాలో గుమ్మడికాయ పెట్టలేం కదా.

విండోస్ అప్‌డేట్లను ఎలా దాచాలి?

ఇది చిక్కు విషయం. విండోస్ ఒక ఫైలును ముక్కలు ముక్కలుగా అడుగుతుంది. స్క్విడ్ ముక్కలను దాచలేదు, పూర్తి ఫైలునే దాచగలదు. రేంజ్_ఆఫ్‌సెట్_లిమిట్ అనే సెట్టింగుతో 'ముక్క అడిగినా పూర్తి ఫైలు తెచ్చుకో' అని చెప్పవచ్చు. అయితే దాన్ని అన్ని సైట్లకూ వర్తింపజేస్తే, ఎవరో పెద్ద ఫైల్లో చివరి కొంత మాత్రమే అడిగినా మొత్తం దిగుతుంది, మీ లైన్ నిండిపోతుంది. అప్‌డేట్ సర్వర్ల పేర్లకు మాత్రమే పరిమితం చేయండి. దానితోపాటు, మధ్యలో కంప్యూటర్ ఆపేసినా స్క్విడ్ డౌన్‌లోడ్ పూర్తిచేసేలా క్విక్_అబార్ట్_మిన్ విలువను మైనస్ 1 చేయవచ్చు. మామూలుగా అయితే మిగిలింది 16 కేబీ లోపు ఉంటేనో, 95 శాతానికి పైగా దిగిపోయి ఉంటేనో పూర్తిచేస్తుంది, లేదంటే వదిలేస్తుంది.

విండోస్ 10 నుంచి డెలివరీ ఆప్టిమైజేషన్ అనే సౌకర్యం ఉంది. ఒకే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు అప్‌డేట్లను ఒకదాని నుంచి ఒకటి తీసుకుంటాయి. చిన్న ల్యాబ్‌కు ముందుగా దాన్ని ప్రయత్నించమంటాను.

ఎల్ఆర్‌యూ మంచిదా, వేరే పద్ధతులు మంచివా?

చోటు నిండినప్పుడు ఏది తీసేయాలో నిర్ణయించే పద్ధతులు ఇవి. ఎల్ఆర్‌యూ చాలాకాలంగా ఎవరూ అడగనిదాన్ని తీస్తుంది. జీడీఎస్ఎఫ్ చిన్నవాటిని ఉంచి పెద్దవాటిని ముందు తీస్తుంది. హిట్ల సంఖ్య పెరుగుతుంది. ఎల్ఎఫ్‌యూడీఏ పరిమాణం చూడకుండా ఎక్కువ మంది అడిగినదాన్ని ఉంచుతుంది. ఆదా అయ్యే బైట్లు పెరుగుతాయి. నేను మెమరీకి జీడీఎస్ఎఫ్, డిస్క్‌కు ఎల్ఎఫ్‌యూడీఏ పెడతాను. డిస్క్ పద్ధతి వరుస కూడా క్యాష్_డిర్‌కు పైనే ఉండాలి.

ఎస్ఎస్‌డీ పెట్టాలా? రెయిడ్ కావాలా?

వేగానికి ఎస్ఎస్‌డీ బాగుంటుంది. ప్రాక్సీ రోజంతా రాస్తూనే ఉంటుంది కాబట్టి చవక రకం త్వరగా అరిగిపోతుంది. రాత సామర్థ్యం ఎక్కువ ఉన్నది కొనండి. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను ఒకటిగా కలిపి వాడే పద్ధతి. అందులో రెయిడ్ 5 మాత్రం వద్దు. చిన్న చిన్న రాతలకు అది నెమ్మది. రెండు డిస్కులుంటే రెండు క్యాష్_డిర్ వరుసలు రాయండి, పనిని స్క్విడ్ పంచుతుంది. క్యాష్ పోతే మళ్లీ దిగుతుంది, అది మీ పరీక్ష పత్రాల దస్త్రం కాదు. క్యాష్ విభాగాన్ని నోఏటైమ్ ఎంపికతో మౌంట్ చేయండి. ఫైలు చదివిన ప్రతిసారీ సమయం రాసే పని తప్పుతుంది.

ఈ ఊరికి చెందిన సంగతి కూడా చెప్పాలి. బీచ్ రోడ్డు వైపు కిటికీలు తెరిచి ఉంచే గదుల్లో ఉప్పు గాలికి కనెక్టర్లు చిలుము పడతాయి. డిస్క్ లోపాలని అనుకున్నవి తీగ మార్చగానే పోయిన సందర్భాలు చూశాను. సర్వర్‌ను సముద్రం వైపు గోడకు దూరంగా, మూసిన గదిలో ఉంచండి.

కరెంటు పోయి వచ్చాక స్క్విడ్ చాలాసేపు నెమ్మదిగా ఉంటోంది. ఎందుకు?

స్క్విడ్‌ను పద్ధతిగా ఆపితే, డిస్క్ చిట్టాను శుభ్రంగా స్వాప్.స్టేట్ ఫైల్లో రాసి ఆగుతుంది. తిరిగి మొదలైనప్పుడు దాన్ని చదువుకుని త్వరగా సిద్ధమవుతుంది. కరెంటు ఒక్కసారిగా పోతే ఆ శుభ్రమైన చిట్టా ఉండదు. అటక మీద ఏముందో మరిచిపోయిన ఇల్లు అవుతుంది. అప్పుడు ఒక్కో వస్తువును సరిచూసుకుంటూ చిట్టా మళ్లీ కట్టుకోవాలి. క్యాష్.లాగ్‌లో నిల్వను మళ్లీ కడుతున్నట్లు, పక్కన 'డర్టీ' అనే మాటతో ఒక వరుస కనబడుతుంది. ఆ పని పూర్తయ్యేదాకా హిట్లు తక్కువ, డిస్క్ మీద భారం ఎక్కువ. క్యాష్ ఎంత పెద్దదైతే నిరీక్షణ అంత ఎక్కువ.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరు ఇది. కరెంటు విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే యూపీఎస్ ఉంటే చాలదు. బ్యాటరీ తగ్గుతుండగా సర్వర్‌కు కబురు అంది, అది తనంతట తాను ఆగేలా యూపీఎస్ తీగను సర్వర్‌కు కలపాలి. ఆపమని చెప్పాక కూడా స్క్విడ్ నడుస్తున్న కనెక్షన్ల కోసం 30 సెకన్లు ఆగుతుంది. షట్‌డౌన్_లైఫ్‌టైమ్ విలువను 5 సెకన్లు చేస్తే ఆ వ్యవధి తగ్గుతుంది. నేను చూసుకునే ప్రతిచోటా ఇలాగే పెట్టాను. రోజూ రాత్రి 'స్క్విడ్ -కే రొటేట్' ఆదేశం నడిచేలా చూసుకోండి. పాత లాగ్‌ను పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టడంతోపాటు స్వాప్.స్టేట్ కూడా శుభ్రపడుతుంది.

రిఫ్రెష్_ప్యాటర్న్‌తో హిట్లు పెంచవచ్చా?

పెంచవచ్చు, కానీ ఎలా పెంచుతున్నారో చూసుకోండి. గడువు చెప్పని వస్తువులను ఎంతకాలం తాజావిగా భావించాలో ఇది చెబుతుంది. ప్యాకేజీ ఫైళ్లకు నెల రోజులు పెట్టవచ్చు; వెర్షన్ మారితే పేరే మారుతుంది కాబట్టి ప్రమాదం లేదు. అయితే ఇంటర్నెట్‌లో దొరికే కొన్ని నమూనా ఫైళ్లు, సైటు చెప్పిన గడువును, వాడుకరి కోరిన రీలోడ్‌ను కూడా లెక్కచేయవద్దని అన్ని చిరునామాలకూ రాస్తాయి. ఒక హాస్టల్‌లో అలాంటి ఫైలు ఎవరో పెట్టారు. ఫలితాలు వచ్చిన రోజు, పిల్లలు ఎన్నిసార్లు రీలోడ్ నొక్కినా 'ఫలితాలు త్వరలో' అన్న నిన్నటి పేజీయే కనబడింది. పక్క వీధి స్నేహితులు ఫోన్ చేసి మార్కులు చెబుతుంటే వీళ్లు ఏడుపు మొహాలతో నిలబడ్డారు. హిట్ల శాతం కోసం పాత సమాచారం అందించడం ప్రాక్సీ పని కాదు.

క్యాష్ పనిచేస్తోందో లేదో ఎలా కొలవాలి?

స్క్విడ్ లోపలి నివేదిక ఉంటుంది. క్యాష్ మేనేజర్ ఇన్ఫో అంటారు. సర్వర్ మీది నుంచే దాన్ని అడగాలి. అందులో నాలుగు అంకెలు చూడండి. అడిగినవాటిలో హిట్ల శాతం. పంపిన బైట్లలో హిట్ల శాతం. డిస్క్ చదవాల్సి వచ్చిన పేజ్ ఫాల్టుల సంఖ్య. స్క్విడ్ మొత్తం వాడుతున్న మెమరీ.

మొదటి రెండింటికీ తేడా ఉంటుంది. వంద చిన్న బొమ్మలు హిట్ అయి, ఒక పెద్ద ప్యాకేజీ మిస్ అయితే మొదటి శాతం ఘనంగా, రెండోది దయనీయంగా ఉంటుంది. మీకు నెట్ బిల్లు ముఖ్యమైతే రెండోదాన్నే చూడండి. పేజ్ ఫాల్టులు నిమిష నిమిషానికీ పెరుగుతుంటే స్వాప్ మొదలైందన్నమాట, క్యాష్_మెమ్ తగ్గించాలి. ఏ సెట్టింగు మార్చినా ఒకటే మార్చి, కనీసం ఒక వారం వదలండి. ఆదివారం అంకెలను సోమవారం అంకెలతో పోల్చకండి.

క్యాష్ ఫోల్డర్‌ను వేరే డిస్క్‌కు మార్చాను. అనుమతి లేదని వస్తోంది.

ఫోల్డర్ యజమాని సరిగా లేరు. ఉబుంటు, డెబియన్‌లలో ప్రాక్సీ అనే వాడుకరి, రెడ్‌హ్యాట్ కుటుంబంలో స్క్విడ్ అనే వాడుకరి యజమానిగా ఉండాలి. అదీ సరిగా ఉంటే, లినక్స్‌లో భద్రతా కాపలాదారులైన ఆప్‌ఆర్మర్ లేదా ఎస్ఈలినక్స్ కొత్త చిరునామాను అడ్డుకుంటున్నాయేమో చూడండి.

క్యాష్ మొత్తం ఖాళీ చేయాలి. ఫోల్డర్ తుడిచేయనా?

స్క్విడ్ నడుస్తుండగా తుడవకండి. చిట్టాలో ఉన్నవి డిస్క్ మీద లేక గందరగోళం అవుతుంది. ముందు ఆపండి. లక్షల ఫైళ్లు తుడవడానికి హార్డ్ డిస్క్ మీద గంటలు పట్టవచ్చు, అంతసేపు నెట్ లేకుండా ఎవరూ ఊరుకోరు. అందుకని పాత ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టండి. అదే పేరుతో కొత్త ఫోల్డర్ చేసి, యజమానిని సరిచేసి, 'స్క్విడ్ -జెడ్' ఇచ్చి, స్క్విడ్‌ను మొదలుపెట్టండి. ఇదంతా రెండు నిమిషాల పని. పాత ఫోల్డర్‌ను రాత్రి హాస్టల్ దీపాలు ఆరిపోయాక, తక్కువ ప్రాధాన్యంతో తీరిగ్గా తుడవండి.